గౌరవ వేతనం

పాఠ్యభాగ ఉద్దేశం

పసిబిడ్డల పోషణ, గర్భిణుల సంరక్షణ, రోగుల పరిచర్య వంటి పనులను సమాజం చాలాకాలంగా ‘సేవ’ అనే పేరుతోనే పిలుస్తూ వచ్చింది. ఆ సేవ చేసేవారికి తగిన జీతం లేకపోతే సేవ కూడ నిలవదు. ప్రభుత్వ పద్దులలో కోత పడినప్పుడు ఈ రెండూ కలిసే నష్టపోతాయి. ఈ సత్యాన్ని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నేపథ్యంలో, అంగన్‌వాడీ ఉద్యోగినుల చరిత్ర ద్వారా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మనుషులకు ఉన్నట్లే మాటలకూ చరిత్ర ఉంటుంది. ‘జీతం’ అనే మాట ‘జీవితం’ అనే సంస్కృత పదానికి వికృతి. మనిషి చేసిన పనికి ప్రతిఫలంగా లభించేది అతని జీవితాన్ని నిలబెట్టాలి అన్న భావం ఆ మాటలోనే ఇమిడి ఉంది. దీనికి ఎదురుగా నిలిచే మాట ‘వెట్టి’. ఇది ‘విష్టి’ అనే పదానికి వికృతి. ప్రతిఫలం లేకుండా బలవంతంగా చేయించుకొనే చాకిరి అని దీని అర్థం. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం నల్లగొండ నేలకు బాగా తెలుసు. నిజాం పాలనలో కులవృత్తులవారూ, పేద రైతులూ దొరల గడీలలో వెట్టి చేశారు. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ప్రధాన లక్ష్యాలలో వెట్టి నిర్మూలన ఒకటి. ఆనాడు నల్లగొండ జిల్లాలో భాగమైన పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను దొరపాలు కానీయక ఎదిరించి నిలిచింది. పనిచేసిన చేతికి దాని ఫలం దక్కాలన్నది ఆ పోరాటం చాటిన నీతి.

జీతానికీ వెట్టికీ నడుమ స్వతంత్ర భారతంలో మరొక మాట వచ్చి చేరింది. అది ‘గౌరవ వేతనం’. వినడానికి ఇంపైన మాట. అయితే గౌరవ వేతనం పుచ్చుకొనేవారు ఉద్యోగులు కారు. స్వచ్ఛందంగా సేవ చేసేవారు. కాబట్టి కనీస వేతనం, భవిష్యనిధి, పింఛను అడిగే హక్కు వారికి లేదని ప్రభుత్వాలు వాదిస్తూ వచ్చాయి. ఈ ఒక్క మాట లక్షలాది స్త్రీల బతుకులను ఏ విధంగా ప్రభావితం చేసిందో తెలుసుకోవాలంటే అంగన్‌వాడీల చరిత్రలోకి వెళ్లాలి.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. ఆరేండ్లలోపు పిల్లలకూ, గర్భిణులకూ, బాలింతలకూ ఆరు సేవలను అందించడం దీని లక్ష్యం. అనుబంధ పౌష్టికాహారం, పూర్వ ప్రాథమిక విద్య, వ్యాధి నిరోధక టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైనవారిని ఆసుపత్రికి పంపడం, పోషణపైనా ఆరోగ్యంపైనా అవగాహన కల్పించడం అనేవి ఆ ఆరు సేవలు. ఇవన్నీ ప్రజలకు చేరే చోటు అంగన్‌వాడీ కేంద్రం. అంగన్‌వాడీ అంటే ముంగిలి బడి అని చెప్పుకోవచ్చు. ఒక్కొక్క కేంద్రంలో ఒక కార్యకర్త, ఒక ఆయా ఉంటారు. తెలంగాణలో 35,700 కేంద్రాలు ఏర్పడ్డాయి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆహార హక్కు వ్యాజ్యంలో ఇచ్చిన ఉత్తర్వుతో ఈ సేవలు పిల్లలకూ తల్లులకూ హక్కులుగా మారాయి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం పౌష్టికాహారానికి చట్టబద్ధతను కల్పించింది.

ఈ కేంద్రాల విలువ దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతాలలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో పలు జిల్లాలుగా విడిపోయాయి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల కొత్తగా ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట వాటి సరసన చేరింది. పాలనా సరిహద్దులు మారినా ఈ నేల స్వభావం ఒక్కటే. ఎర్రని చెల్కలు, ఆకాశం వైపు చూసే సేద్యం, వాన ముఖం చాటేస్తే ఊరు విడవక తప్పని కూలీలు. పాలమూరు కూలీలు తరతరాలుగా గుంపుమేస్త్రీల వెంట దూరప్రాంతాలకు తరలివెళ్లి ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. వారు వలస వెళ్లినప్పుడు పసిబిడ్డలు అవ్వాతాతల చేతులలో మిగిలేవారు. కన్నతల్లి దగ్గర లేని బిడ్డకు పగటిపూట వేడి అన్నం పెట్టే చోటు ఊరిలో ఏదైనా ఉంటే అది అంగన్‌వాడీ కేంద్రమే.

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాలలో భూగర్భ జలాలలోని ఫ్లోరైడు కొన్ని తరాల ఎముకలను వంచింది. రక్షిత జలాలు అందివచ్చిన తరువాత పరిస్థితి మెరుగుపడింది. పాలు, గుడ్డు, ఆకుకూరలతో కూడిన ఆహారం ఫ్లోరైడు దుష్ప్రభావాన్ని కొంతవరకు తగ్గించగలదని వైద్యులు చెబుతారు. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల లంబాడీ తండాలకూ, నల్లమల అడవిలోని చెంచు పెంటలకూ ఆసుపత్రి దూరం. పెద్ద ఊరు దూరం. అటువంటి చోట తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరి 1న ప్రారంభించిన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకూ బాలింతలకూ ఒక పూట సంపూర్ణ భోజనం, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అందించింది. ఆ అన్నం వండి వడ్డించింది ఆయా. లెక్క రాసింది అంగన్‌వాడీ టీచరు.

ఈ పని కేంద్రం నాలుగు గోడలకు పరిమితం కాదు. పిల్లలను తూకం వేయడం, జబ్బ చుట్టుకొలత చూడడం, పాటలతో అక్షరాలు నేర్పడం ఉదయం పని అయితే, ఇల్లిల్లూ తిరగడం ఆ తరువాతి పని. ఏ ఇంట గర్భిణి ఉన్నది, ఏ బిడ్డ బరువు తగ్గుతున్నది, ఎవరికి టీకా వేయించవలసి ఉన్నది అన్న సంగతులు ఆమెకు తెలిసి ఉండాలి. ఆమెకు తోడుగా నిలిచేది ఆశా కార్యకర్త. 2005 ఏప్రిల్ 12న ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా ఆశాలు నియమితులయ్యారు. ఆసుపత్రిలో కాన్పు అయిన తరువాత ఇంటికి చేరిన తల్లినీ బిడ్డనూ 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా వెళ్లి చూడాలి. బిడ్డ ఒళ్లు చల్లబడిందా, పాలు తాగుతున్నదా, బొడ్డు దగ్గర చీము ఉన్నదా అని పరీక్షించాలి. 2020లో కరోనా మహమ్మారి విజృంభించి కేంద్రాలు మూతపడినప్పుడు ఈ ఇద్దరే సరుకులను ఇళ్లకు చేర్చారు. గడప గడపకూ వెళ్లి జ్వరపీడితులను గుర్తించారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలకు అంతర్జాతీయ పురస్కారం ప్రకటించింది. గౌరవానికి కొదవలేదు. కొదవ వేతనానికే.

1975లో మెట్రిక్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, ఆ చదువు లేని కార్యకర్తకు 100 రూపాయలు, ఆయాకు 35 రూపాయలు నిర్ణయించారు. స్థానిక మహిళ తన తీరిక వేళలలో కొంత సమయాన్ని ఊరి పిల్లలకు కేటాయిస్తుందన్న ఊహపై ఆ లెక్క ఆధారపడింది. పని పెరిగింది; రిజిస్టర్లు పెరిగాయి; సర్వేలు, ఓటర్ల జాబితాల పని అదనంగా వచ్చి చేరాయి. ఊహ మాత్రం మారలేదు. కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన గౌరవ వేతనం కార్యకర్తకు 2002లో 1,000 రూపాయలకు, 2008లో 1,500 రూపాయలకు, 2011లో 3,000 రూపాయలకు, 2018 అక్టోబరు 1 నుండి 4,500 రూపాయలకు చేరింది. ఆయాకు అందేది ప్రతిసారీ దాదాపు అందులో సగం. రాష్ట్రాలు తమ వంతుగా కొంత కలిపి ఇస్తూ వచ్చాయి.

ఈ పెరుగుదల అడగకుండా వచ్చినది కాదు. అంగన్‌వాడీ కార్యకర్తల, సహాయకుల అఖిల భారత సమాఖ్య 1989లో ఏర్పడింది. ఒక్కొక్క ఊరిలో ఒంటరిగా పనిచేసే స్త్రీలను ఒక చోట చేర్చడం సులభం కాదు. కర్మాగారంలో వేలమంది ఒకే ద్వారం గుండా లోపలికి వెళతారు. అంగన్‌వాడీలో ఇద్దరే ఉంటారు. వారు నలుగురినీ కలుసుకొనే చోటు నెలవారీ సమావేశాలు జరిగే ప్రాజెక్టు కార్యాలయం. ఇల్లు, పొలం, కేంద్రం అనే మూడు బరువులు మోస్తూనే వారు కలెక్టరేట్ల ఎదుట ధర్నాలు చేశారు; హైదరాబాదుకు కదిలారు. వారి కోరికలలో ముఖ్యమైనవి మూడు. తమను కార్మికులుగా గుర్తించాలి. కనీస వేతనం ఇవ్వాలి. వృద్ధాప్యంలో భరోసా కల్పించాలి.

2015లో వీరికి గట్టి పరీక్ష ఎదురైంది. పద్నాలుగవ ఆర్థిక సంఘం సిఫారసుపై కేంద్ర పన్నులలో రాష్ట్రాల వాటా 32 శాతం నుండి 42 శాతానికి పెరిగింది. రాష్ట్రాలకు నిధులు పెరిగినందువల్ల ఇటువంటి పథకాల భారాన్ని అవే ఎక్కువగా మోయాలని కేంద్రం తలచింది. ఫలితంగా సమగ్ర శిశు అభివృద్ధి పథకానికి 2014-15 బడ్జెటులో 18 వేల కోట్ల రూపాయలకు పైగా ఉన్న కేటాయింపు 2015-16 బడ్జెటులో 8 వేల కోట్ల పైచిలుకుకు పడిపోయింది. పౌష్టికాహారం కాక మిగిలిన వ్యయంలో అప్పటివరకు 90 శాతం భరించిన కేంద్రం వాటా 60 శాతానికి తగ్గింది. వేతనాలు చెల్లించడమే కష్టమవుతున్నదని నాటి కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మంత్రి మేనకా గాంధీ 2015 అక్టోబరులో స్వయంగా ఆవేదన వెలిబుచ్చారు. దేశవ్యాప్తంగా నిరసనలు చెలరేగాయి. ఆ ఆర్థిక సంవత్సరంలోనే అనుబంధ పద్దుల ద్వారా కేటాయింపును పెంచక తప్పలేదు.

ఢిల్లీలో పడిన కోత తండా దాకా ఎలా చేరుతుందో గమనించాలి. బడ్జెటు తగ్గిన మరునాడే కేంద్రానికి తాళం పడదు. ముందుగా అద్దె బిల్లు నిలిచిపోతుంది. గ్యాసు, కూరగాయల ఖర్చు టీచరు చేతి సొమ్ముతో నడుస్తుంది. ఆమెకు రావలసిన వేతనం ఒక నెల, రెండు నెలలు ఆలస్యమవుతుంది. ఆమె అప్పు చేస్తుంది. కిరాణా కొట్టులో ఖాతా పెరుగుతుంది. చివరకు పిల్లవాని పళ్లెంలో గుడ్డు తప్పిపోతుంది. కోత మొదట పడేది కార్యకర్త మీద. ఆమె ఆపగలిగినంత కాలం అది బిడ్డ మీద పడదు. అందువల్ల వేతనం కోసం సంఘం చేసే పోరాటాన్ని సేవకు విఘాతంగా భావించడం పొరపాటు. సేవకు అది రక్షణ కవచం.

ఈ అనుభవం మన దేశానికే పరిమితమైనది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో వృద్ధులకూ వికలాంగులకూ వారి ఇళ్లలోనే స్నానం చేయించి, వండిపెట్టి, మందులు ఇచ్చే పనివారు లక్షల సంఖ్యలో ఉన్నారు. వారికి వేతనం అందేది ప్రధానంగా ప్రభుత్వ నిధుల నుండే. తమ యజమాని ఎవరన్న ప్రశ్నకు వారికి చాలాకాలం సమాధానం దొరకలేదు. 1999 ఫిబ్రవరిలో లాస్ ఏంజెల్స్ ప్రాంతంలో సుమారు 74 వేలమంది గృహ సంరక్షణ కార్మికులు ఓటు ద్వారా సంఘంగా ఏర్పడ్డారు. 2009లో ఆర్థిక సంక్షోభం ముదిరినప్పుడు ఆ రాష్ట్ర ప్రభుత్వం వారి వేతనంలో తాను వాటా భరించే పరిమితిని గంటకు 12.10 డాలర్ల నుండి 10.10 డాలర్లకు తగ్గించాలని నిర్ణయించింది. సంఘంతో పాటు సేవలు పొందేవారు కూడ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వేతనం తగ్గితే పనివారు దొరకరని, అప్పుడు తాము ఇల్లు విడిచి శరణాలయాలకు చేరవలసి వస్తుందని వారు వాదించారు. న్యాయస్థానం ఆ కోతను అమలు కాకుండా నిలిపివేసింది. సేవ చేసేవారూ, సేవ పొందేవారూ ఒకే పక్షాన నిలవడం ఆ ఘట్టంలోని విశేషం.

తెలంగాణలో 2015లోనే ఆశా కార్యకర్తలు వంద రోజులకు పైగా సమ్మె చేశారు. అంగన్‌వాడీ కార్యకర్తల వేతనాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2015లో 7,000 రూపాయలకు, 2017లో 10,500 రూపాయలకు, 2021లో 13,650 రూపాయలకు పెంచింది. ఆయాల వేతనం 4,500, 6,000, 7,800 రూపాయలకు చేరింది. 2017లో కార్యకర్త పేరు ‘అంగన్‌వాడీ టీచరు’గా మారింది. పేరు మారినా ఉద్యోగ భద్రత సమస్య తీరలేదు. 2023 సెప్టెంబరు 11న సి.ఐ.టి.యు., ఎ.ఐ.టి.యు.సి. అనుబంధ సంఘాలు కలిసి రాష్ట్రవ్యాప్త నిరవధిక సమ్మెకు దిగాయి. 26 వేల రూపాయల కనీస వేతనం, గ్రాట్యుటీ, పింఛను వారి ప్రధానమైన కోరికలు. మూడు వారాలకు పైగా సాగిన ఆ సమ్మె ప్రభుత్వంతో చర్చల అనంతరం అక్టోబరు తొలి వారంలో ముగిసింది. అదే ఏడాది డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది. 2024 జనవరి 6న అక్కడి ప్రభుత్వం అంగన్‌వాడీ సేవలను అత్యవసర సేవల నిర్వహణ చట్టం, అనగా ఎస్మా, పరిధిలోకి తెచ్చింది. ఇక్కడొక విచిత్రం గమనింపదగినది. వేతనం అడిగినప్పుడు ఈ పని స్వచ్ఛంద సేవ. ఆపినప్పుడు అదే పని అత్యవసర సేవ. రెండూ ఏకకాలంలో నిజం కాలేవు.

సమ్మె చేస్తే పిల్లల నోటి దగ్గర కూడు ఏమవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. దానిని తోసిపుచ్చరాదు. ఆకలిగొన్న బిడ్డకు చర్చలు ముగిసేదాకా ఓపిక పట్టమని చెప్పలేము. సమ్మెలో ఉన్న టీచరుకు ఆ బిడ్డ పేరు తెలుసు, బరువు తెలుసు. ఆమె మనసు పడే వేదన యంత్రాన్ని ఆపిన కార్మికుని వేదన కంటె భిన్నమైనది. ఆ మమకారాన్ని ఆధారంగా చేసుకొని తక్కువ వేతనంతో దశాబ్దాలు పని చేయించుకోవడం ఎంతవరకు ధర్మమన్నది మరొక ప్రశ్న. మొదటి ప్రశ్నను కార్మికులను అడిగే సమాజం రెండవ ప్రశ్నను తనను తాను అడుగుకోవాలి.

న్యాయస్థానాల ఆలోచనలోనూ క్రమంగా మార్పు వచ్చింది. అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ పదవులలో ఉన్నవారు కారని 2006లో కర్ణాటకకు చెందిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2013 మేలో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ ఇటువంటి పథకాలలో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించి, కనీస వేతనం, సామాజిక భద్రత కల్పించాలని సిఫారసు చేసింది. 2022 ఏప్రిల్ 25న గుజరాత్‌కు చెందిన వ్యాజ్యంలో, 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం అంగన్‌వాడీ కార్యకర్తలకూ సహాయకులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు ప్రకటించింది. గౌరవ వేతనం కూడ ఆ చట్టం దృష్టిలో వేతనమేనని స్పష్టమైంది. 2024 జూలైలో తెలంగాణ మంత్రి సీతక్క పదవీ విరమణ సందర్భంలో టీచరుకు 2 లక్షలు, ఆయాకు లక్ష రూపాయలు ఇస్తామని ప్రకటించారు. ఒకనాడు ముప్పై అయిదు రూపాయలతో మొదలైన ఆయా ప్రస్థానంలో ఇది ఒక మజిలీ. కనీస వేతనమూ, పింఛనూ అనే కోరికలు ఆ మజిలీకి ఆవల ఉన్నవి.

ఒక ప్రభుత్వం దేనిని విలువైనదిగా భావిస్తున్నదో తెలుసుకోవడానికి దాని ప్రసంగాల కంటె దాని పద్దులే మంచి ఆధారం. రోడ్డు, ఆనకట్ట కంటికి కనిపిస్తాయి. సకాలంలో టీకా పడిన బిడ్డ, నెత్తురు తగ్గకుండా కాన్పు దాటిన తల్లి కంటికి కనిపించే కట్టడాలు కారు. వారిని నిలబెట్టిన చేతులు కూడ కనిపించవు. అందుకే కోత పెట్టవలసి వచ్చినప్పుడు కత్తెర ముందుగా అటువైపు వెళుతుంది. ఆ కత్తెరను అడ్డుకోవడానికి నల్లగొండ తండాలోని ఆయా నుండి కాలిఫోర్నియా గృహ సేవిక వరకు అందరూ కనుగొన్న సాధనం ఒక్కటే. అది సంఘటితం కావడం. గౌరవం మాటలో ఉంటే చాలదు, వేతనంలోనూ ఉండాలన్నది వారి వాదం. జీవితాన్ని నిలబెట్టినప్పుడే జీతం ఆ పేరుకు తగినదవుతుంది.

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. బడ్జెటులో పడిన కోత గ్రామంలోని అంగన్‌వాడీ కేంద్రం వరకు ఎలా చేరుతుందో పాఠం ఆధారంగా వివరించండి.
2. ‘వేతనం కోసం చేసే పోరాటం సేవకు రక్షణ కవచం’ అన్న అభిప్రాయాన్ని సమర్థిస్తూ గాని, విభేదిస్తూ గాని వ్యాసం రాయండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పాలమూరు వలసలకూ అంగన్‌వాడీ కేంద్రాలకూ గల సంబంధం ఏమిటి?
2. కాలిఫోర్నియా ఘట్టంలోని విశేషం ఏది?
3. 2006, 2022 సంవత్సరాల సుప్రీంకోర్టు తీర్పుల మధ్య భేదాన్ని తెలపండి.

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. “గౌరవానికి కొదవలేదు. కొదవ వేతనానికే.”
2. “రెండూ ఏకకాలంలో నిజం కాలేవు.”

ఈ) భాషాంశాలు
1. ప్రకృతి - వికృతులు: జీవితం - జీతం, విష్టి - వెట్టి, గౌరవం - గారవం, శిశువు - సిసువు.
2. సంధి: పౌష్టిక + ఆహారం = పౌష్టికాహారం (సవర్ణదీర్ఘ సంధి). ఇటువంటి పదాలను పాఠంలో గుర్తించి విడదీయండి.
3. మీ ఊరిలోని లేదా వాడలోని అంగన్‌వాడీ కేంద్రాన్ని సందర్శించి, అక్కడ ఒక రోజులో జరిగే పనులను పది వాక్యాలలో రాయండి.